అష్టావక్రుడి తండ్రి

అష్టావక్రుడి కథ వినని తెలుగువాళ్ళు తక్కువ. తల్లి కడుపులో ఉండగానే తండ్రి వేదపాఠాన్ని తప్పుపట్టాడు. తండ్రికి కోపం వచ్చి ఎనిమిది వంకరలతో పుట్టమని శపించాడు. పన్నెండేళ్ళ వయసులో ఆ కుర్రవాడు జనకుడి సభకు వెళ్ళి వంది అనే మహావాదిని ఓడించాడు. తన ఒంటిని చూసి నవ్విన పండితులను తోలు బేరగాళ్ళంటూ ఎద్దేవా చేశాడన్నది జనం నోట పెరిగిన ముక్క. కథ చెప్పేవాళ్ళు చాలామంది అక్కడే ఆపుతారు, చప్పట్లు పడేదీ అక్కడే. భారతం అరణ్యపర్వంలో ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. వందితో వాదానికి దిగి ఓడి నీళ్ళపాలైన తండ్రి కహోడుడు, కొడుకు గెలుపుతో ప్రాణాలతో తిరిగొస్తాడు. ఆ తర్వాత కొడుకును సమంగా నదిలో మునగమంటాడు. మునిగి లేచేసరికి వంకరలన్నీ పోయి ఒళ్ళు తిన్నగా అయింది.

ఈ చివరి అడుగు దగ్గరే చిక్కు. జ్ఞానానికి ఒంటి తీరుతో పనిలేదని అంతసేపు చూపించిన కథ, ఆఖరున ఆ ఒంటినెందుకు సరిచేసింది? వంకర పెట్టినవాడే తీశాడు కాబట్టి ప్రాయశ్చిత్తం అనుకోవచ్చు. సభను గెలిచిన కొడుకే అయినా రేపు దారిన పోయేవాళ్ళు నవ్వకూడదని ఏ తండ్రికైనా ఉండే మామూలు కోరికే అనుకోవచ్చు. వ్యాసుడు కారణం చెప్పలేదు.

ఈ చిక్కు ఇప్పుడు పురాణ కాలక్షేపాల్లో కన్నా పిల్లల డాక్టర్ల గదుల్లో ఎక్కువగా ఎదురవుతోంది. నాలుగైదు నెలల బిడ్డకు తల వెనకభాగం ఒకపక్క చదునుగా ఉంటుంది. రోజుకు 23 గంటల చొప్పున కొన్ని నెలలు హెల్మెట్ పెడితే గుండ్రమవుతుందని ఒకరంటారు, వదిలేస్తే అదే సర్దుకుంటుందని ఇంకొకరంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకో మాటంటారు: దేవుడిచ్చిన తల, దాన్ని దిద్దడానికి మనమెవరం?

డాలస్ శివారులో ఉండే ఒక తెలుగు జంట సంగతి చూద్దాం. బిడ్డ మూడో నెలలో ఉన్నాడు. లాల పోస్తుండగా జుట్టు తడిసి తలకు అంటుకుపోయినప్పుడు, కుడివైపు వెనకభాగం ఎవరో అరచేత్తో అదిమినట్టు కనిపించింది తల్లికి. పైనుంచి చూస్తే కుడి చెవి ఎడమ చెవి కన్నా కాస్త ముందుకు జరిగి ఉంది. భర్త ఫోనులో పాత ఫోటోలన్నీ వెతికి, అంతా బాగానే ఉందని తేల్చాడు. ఆ రాత్రి తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఆమె తల్లి మాత్రం ఒక్క చూపులో పట్టేసింది.

"వాడి తల అటుపక్క చదునైపోయిందేమిటే? పక్క మార్చి పడుకోబెట్టట్లేదా?"

"వెల్లకిలానే పడుకోబెట్టమన్నారమ్మా డాక్టరు."

"పడుకోబెట్టు, ఎవరొద్దన్నారు? తల ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుతుండాలి గదా. నిన్ను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసినప్పుడల్లా మీ అమ్మమ్మ తల సవరించేది. ఆవాల దిండొకటి కుట్టి పంపిస్తాలే."

ఆవిడ నిందించాలని అనలేదు, కూతురికి మాత్రం నిందలాగే తగిలింది. నిజానికి ఆ మాటల్లో ఒకటి ఏ పిల్లల డాక్టరైనా చెప్పేదే: తల తిప్పి పడుకోబెట్టడం. ఇంకొకటి ప్రమాదం: పసిబిడ్డ పడుకునేచోట దిండు ఉండకూడదు, ఊపిరాడకపోయే ముప్పుంది. తల ఆకారం సరిచేస్తాయని అమ్మే దిండ్లు వాడవద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది కూడా. మిగిలింది తల సవరించడం. తలంటు పోసే చేతి ఒత్తిడికి పుర్రె ఆకారం మారుతుందన్నది మన అమ్మమ్మల గట్టి నమ్మకం. నిమిషం ఒత్తిన చేతి కన్నా రోజుకు పద్నాలుగు గంటలు ఆనుకునే పరుపే తల మీద ఎక్కువ పనిచేస్తుంది.

ఆ పరుపు వెనక పెద్ద కథే ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1992లో పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని సలహా ఇచ్చింది. నిన్నటిదాకా బాగున్న బిడ్డ నిద్రలోనే కారణం తెలియకుండా చనిపోవడాన్ని అక్కడ సిడ్స్ అంటారు. బోర్లా పడుకున్న పిల్లల్లో అది ఎక్కువని అప్పటికి తేలింది. 1994లో 'బ్యాక్ టు స్లీప్' పేరుతో దేశమంతా ప్రచారం చేశారు. తర్వాతి ఏళ్ళలో అమెరికాలో సిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అంటే వేల ప్రాణాలు నిలిచాయి. అదే కాలంలో తల ఒకపక్క చదునైన పిల్లలు డాక్టర్ల దగ్గరికి ఎక్కువగా రావడం మొదలైంది. వైద్యులు దీన్ని పొజిషనల్ ప్లేజియోసెఫలీ అంటారు. వెనకభాగమంతా సమంగా చదునైతే బ్రాకీసెఫలీ. కెనడాలోని కాల్గరీలో 7 నుంచి 12 వారాల పిల్లలు 440 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 46.6 శాతం మందికి ఎంతో కొంత చదును కనిపించింది. అందులో ఎక్కువ భాగం స్వల్పమే. న్యూజిలాండ్ పరిశోధకులు ఒకే పిల్లలను రెండేళ్ళు వెంబడి చూస్తే, నాలుగో నెలలో 19.7 శాతం మందిలో ఉన్నది రెండేళ్ళు నిండేసరికి 3.3 శాతానికి దిగింది.

కాబట్టి దేవుడిచ్చిన తల అన్న మాట దగ్గరే పేచీ. దేవుడిచ్చిన తల ఇది కాదు. బిడ్డ బతకాలని తల్లిదండ్రులు తీసుకున్న మంచి నిర్ణయం, దానికి తోడు కారు సీటు, బౌన్సరు, ఒళ్ళో ఎత్తుకునే చేతులు తక్కువైన చిన్న కాపురం, ఇవన్నీ కలిసి మలిచిన తల. కొందరికి మెడ కండరం ఒకపక్క పట్టేసి ఉంటుంది, తల ఎప్పుడూ అటే తిరుగుతుంది. కహోడుడి శాపానికీ దీనికీ తేడా ఇక్కడుంది. అతను కోపంతో వంకర పెట్టాడు. ఈ తల్లిదండ్రులు ప్రేమతో, డాక్టరు చెప్పినట్టు విని, తెలియకుండా పెట్టారు. అయినా నా వల్లే అన్న బాధ కహోడుడికి ఉందో లేదో గానీ, వీళ్ళకు మాత్రం కడుపు నిండా ఉంటుంది. వాళ్ళమ్మ ఫోన్ పెట్టేశాక ఆ తల్లి చేసిన మొదటి పని, బిడ్డను ఎన్ని గంటలు ఏ వైపు పడుకోబెట్టిందో గుర్తు చేసుకుంటూ కూర్చోవడం.

పుర్రె మీద వంకర టింకరగా కనిపించే గీతలే బ్రహ్మ రాసిన రాత అని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. శ్మశానంలో పుర్రె దొరికితే దాని మీది రాత చదవబోయిన పండితుల కథలు తాతలు చెప్పేవారు. శరీరశాస్త్రం ఆ గీతలకు వేరే పని చెబుతుంది. పసిబిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. కొన్ని ఎముక పలకలు, వాటి మధ్య అతుకులు, నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు. ఆ అతుకుల వల్లనే బిడ్డ ఇరుకు దారిలోంచి బయటపడగలుగుతుంది, పుట్టాక మెదడు పెరగడానికి చోటు దొరుకుతుంది. మాడు మామూలుగా ఏడాదిన్నర లోపు పూడుతుంది. పుట్టినప్పుడు దాదాపు 35 సెంటీమీటర్లున్న తల చుట్టుకొలత ఏడాదికి 46 దాకా వస్తుంది. మొదటి మూడు నెలల్లో నెలకు సుమారు రెండు సెంటీమీటర్లు, తర్వాత మూడు నెలలు నెలకు ఒకటి, ఆ పైన అర. బ్రహ్మరాత అనుకున్నచోట నిజంగా ఉన్నది ఇంకా ఖాయం కాని ఖాళీ అన్నమాట. అరుదుగా కొందరు పిల్లల్లో ఒక అతుకు ముందే మూసుకుపోతుంది. అది క్రేనియోసినోస్టోసిస్, దానికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. డాక్టరు మొదట తేల్చుకోవాల్సింది ఈ రెంటిలో ఏదన్నదే. పరుపు వల్ల వచ్చిన చదునైతే మెదడు నలగదు. ఈ ఒక్క మాట మొదటి రోజే గట్టిగా చెబితే సగం ఇళ్ళలో నిద్రలు బాగుపడతాయి.

దైవమా, పురుషకారమా అన్న వాదం మన గ్రంథాల్లో పాతదే. అనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి నేరుగా అడుగుతాడు, రెంటిలో ఏది గొప్పదని. భీష్ముడు బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన జవాబు వినిపిస్తాడు: దైవం విత్తనం, మనిషి ప్రయత్నం పొలం. ఒకటి లేకుండా రెండోది పండదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడితో ఇంకా కటువుగా మాట్లాడతాడు. దైవం అంటూ వేరే ఏదీ లేదు, నిన్నటి నీ ప్రయత్నమే నేడు దైవమనిపించుకుంటోంది, నిన్నటిదీ నేటిదీ రెండు పొట్టేళ్ళలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అంటాడు. పరుపు మీద చదునైన తల విషయంలో వసిష్ఠుడి మాట అక్షరాలా వర్తిస్తుంది: నిన్న మనం చేసిందే నేటి తలరాత. కానీ హెల్మెట్ పనిచేసే తీరు చూస్తే భీష్ముడే ఎక్కువ దగ్గరివాడనిపిస్తాడు.

హెల్మెట్ తలను నొక్కి గుండ్రం చేస్తుందని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి బిడ్డ తలకు సాగే గుడ్డ టోపీ బిగించి, స్కానర్‌తో ఆకారం తీసి, దాన్నిబట్టి ప్లాస్టిక్ డొప్ప చేయిస్తారు. లోపల ఫోమ్ ఉంటుంది. ఉబ్బెత్తుగా ఉన్నచోట ఫోమ్ తలను ఆనుకుంటుంది, చదునుగా ఉన్నచోట ఖాళీ వదులుతారు. పెరిగే తల ఆ ఖాళీలోకి పెరుగుతుంది. కొన్ని వారాలకోసారి, హెల్మెట్ అమర్చే ఆర్థోటిస్ట్ లోపలి ఫోమ్‌ను చెక్కి ఖాళీని సవరిస్తాడు. పెంచేది హెల్మెట్ కాదు. పెరుగుదల నెమ్మదించాక, అంటే ఏడాది దాటాక పెట్టినా పెద్దగా ఫలితం ఉండదు. విత్తనంలో సత్తువ ఉన్నంతసేపే పొలానికి పని. సియాటిల్‌లో స్టెర్లింగ్ క్లారెన్ బృందం ఈ పద్ధతి గురించి 1979లోనే వైద్య పత్రికలో రాసింది. అమెరికా ఎఫ్‌డీఏ 1998లో వీటిని వైద్య పరికరాలుగా వర్గీకరించి నియమాలు పెట్టింది. ఖరీదు అక్కడ సుమారు 1,500 నుంచి 4,000 డాలర్లు. డాలస్ జంట బీమా కంపెనీ, ఇది అందానికి సంబంధించిన విషయమంటూ మొదటి దరఖాస్తును తిప్పికొట్టింది. అవసరమా, అలంకారమా అన్న ప్రశ్నకు వేదాంతుల కన్నా ముందు తీర్పు చెప్పేది క్లెయిములు చూసే గుమాస్తా.

అయినా వాళ్ళు హెల్మెట్ పెట్టించారు. అప్పటికి బిడ్డకు ఐదో నెల నడుస్తోంది. మొదటి వారం బిడ్డ కన్నా తల్లి ఎక్కువ ఏడ్చింది. వాడు రెండు రోజుల్లో అలవాటు పడ్డాడు. హెల్మెట్ తీసిన ప్రతిసారీ తల మీద ఎర్రటి మచ్చలున్నాయేమో చూడాలి. గంటలోపు పోతే ఫరవాలేదు, పోకపోతే ఫోన్ చేయాలి. చెమట పట్టి, ఫోమ్ నానిన పులిసిన వాసన వేస్తుంది. స్పిరిట్‌తో తుడిచినా ఆ వాసన మర్నాటికి మళ్ళీ హాజరు. నూనె రాయకూడదు, అంటే మాడున ఆముదం పెట్టడానికి వీల్లేదు. ఆరునెలల వీసా మీద అప్పటికే దిగిన అమ్మమ్మకు ఇదొక్కటే మింగుడుపడలేదు. బిడ్డను భుజాన వేసుకుంటే మెత్తటి నెత్తికి బదులు గట్టి డొప్ప దవడకు తగులుతుంది. నిద్రమత్తులో వాడు తల వెనక్కి విసిరితే తండ్రి పెదవి చిట్లింది. రోజులో విడుపు ఒక్క గంట, స్నానానికి. గుళ్ళో అన్నప్రాసన ఆ గంటలోనే ముగించాలి. పళ్ళెంలో పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి పెట్టి, పిల్లవాడు దేన్ని పట్టుకుంటాడా అని చుట్టాలంతా చూస్తుంటే తల్లి వాచీ చూసుకుంటోంది. పుస్తకాన్ని వదిలేసి వాడు పాకిన దిక్కు పక్కన పెట్టిన హెల్మెట్ వైపు.

ఇండియన్ స్టోర్‌లో ఎవరో ఒకరు ఆగి, "అయ్యో, ఏమైందండీ, కిందపడ్డాడా?" అనేవారు. గుళ్ళో ఒక పెద్దాయన, "ఏదో పూర్వజన్మది ఉంటుందమ్మా, ఇలా తీరిపోతోంది" అని ఓదార్చారు. కర్మ సిద్ధాంతాన్ని ఇంత చవగ్గా వాడటం మనకు బాగా అలవాటు. పక్కవాడి బిడ్డకు పట్టే కర్మ, మన బిడ్డ దగ్గరికొచ్చేసరికి డాక్టరు అపాయింట్‌మెంట్ అవుతుంది. ఆయన మనవడికి పళ్ళు వంకరొస్తే క్లిప్పులు పెట్టించకుండా ఉంటారా?

ఇక అసలు ముల్లు. హెల్మెట్ నిజంగా పనిచేస్తుందా? నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఐదు ఆరు నెలల వయసున్న, మధ్యస్థం నుంచి తీవ్రం దాకా చదునున్న 84 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక జట్టుకు ఆరు నెలలు హెల్మెట్, ఇంకో జట్టును అలాగే వదిలేశారు. రెండేళ్ళ వయసులో కొలిస్తే పూర్తిగా సరైనవాళ్ళు హెల్మెట్ జట్టులో 26 శాతం, వదిలేసిన జట్టులో 23 శాతం. తేడా లేనట్టే లెక్క. హెల్మెట్ పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఇబ్బంది చెప్పారు: 96 శాతం మంది చర్మం కందడం, 76 శాతం మంది వాసన, 77 శాతం మంది బిడ్డను హత్తుకోలేకపోవడం. ఈ పరీక్షకు విమర్శలూ ఉన్నాయి. నాలుగింట మూడొంతుల మందికి హెల్మెట్ సరిగ్గా అమరలేదు. మెడ పట్టేసిన పిల్లలను ఇందులో చేర్చుకోలేదు. అమెరికాలోని నాడీ శస్త్రవైద్యుల సంఘం 2016లో, పక్క మార్చడం, ఫిజియోథెరపీ వంటివి చేసినా తగ్గని మధ్యస్థ, తీవ్ర కేసుల్లో హెల్మెట్ పెట్టమనే సిఫారసు చేసింది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మాత్రం సాధారణంగా దీన్ని ఇవ్వదు. ఒకే తల, సముద్రానికి ఇటొక శాస్త్రం, అటొక శాస్త్రం.

ఆ డచ్చి పరీక్షలో గమనించాల్సిన అంకె ఇంకొకటుంది. అర్హులైన పిల్లలు 403 మంది ఉంటే, లాటరీకి ఒప్పుకున్న తల్లిదండ్రులు 84 మందే. మిగతావాళ్ళలో చాలామంది హెల్మెట్ పెట్టాలో వద్దో తామే తేల్చుకుంటామన్నారు. చీటీలో ఏదొస్తే అదే అన్న పద్ధతికి తమ బిడ్డ తలను అప్పగించలేకపోయారు. మతం నుంచి మరీ దూరం జరిగిన సమాజాల్లో ఒకటది. అక్కడి తల్లిదండ్రులూ దైవాన్ని వద్దని పురుషకారాన్ని పట్టుకున్నారు, రెండు దారులూ ఒకే చోటికి చేరతాయేమో అని అప్పటికి తెలియకపోయినా. ప్రయత్నం ఇక్కడ బిడ్డ తలకు ఎంత ఉపయోగపడుతుందో, ఏదో ఒకటి చేశామన్న తల్లిదండ్రుల ఊరటకు అంతకన్నా ఎక్కువ ఉపయోగపడుతోందా? ఈ అనుమానాన్ని నిజాయితీగా మోయాల్సిందే. ఊరట కోసం చేసిన పనంతా తప్పని చెప్పలేం. కానీ ఆ ఊరట ఖరీదు పసివాడి ఒంటి మీద చెమటపొక్కులైతే, లెక్క చూసుకోవాలి.

ఇంతకీ గుండ్రటి తలే తల అని ఎవరన్నారు? ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో చినూక్ జాతివాళ్ళు తొట్టెలో పసిబిడ్డ నుదుటికి పలక కట్టి చదును చేసేవారు. చదునైన నుదురు స్వేచ్ఛగా పుట్టినవాళ్ళ గుర్తు, గుండ్రటి తల బానిసలది. ప్రాచీన పెరూలోని పరాకస్‌లో పొడుగ్గా సాగదీసిన పుర్రెలు తవ్వకాల్లో వందలుగా బయటపడ్డాయి. కాంగోలో మంగ్బెతు ప్రజలు ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక కూడా పసిపిల్లల తలలకు పట్టీలు చుట్టి పొడవు చేశారు. ఫ్రాన్సులోని తులూజ్ చుట్టుపక్కల పల్లెల్లో శిశువుల తలలకు గట్టిగా గుడ్డ కట్టే ఆచారం పందొమ్మిదో శతాబ్దంలోనూ నడిచింది. చినూక్ తల్లి డాలస్ క్లినిక్‌కు వస్తే, ఇంత చక్కటి చదునును పాడుచేస్తారెందుకని అడిగేది. ప్రతి సమాజమూ తన పిల్లల తలలను తనకు నచ్చిన అచ్చులో పోసుకుంది, తర్వాత అదే సహజమని నమ్మింది.

హార్వర్డ్‌లో రాజనీతి తత్వం బోధించే మైకేల్ శాండెల్ 2007లో 'ది కేస్ అగెయిన్‌స్ట్ పర్‌ఫెక్షన్' అనే చిన్న పుస్తకం రాశాడు. పిల్లలను మనం తయారుచేసుకునే వస్తువుల్లా చూడటం మొదలుపెడితే, వాళ్ళు మనకు దక్కిన వరమన్న భావం పోతుందని అతని భయం. అయితే అతను వైద్యాన్ని తప్పుపట్టడు. విలియం మే అనే క్రైస్తవ ధర్మవేత్త నుంచి ఒక ఆలోచన తెచ్చుకుంటాడు: తల్లిదండ్రుల ప్రేమలో రెండున్నాయి, ఉన్నదున్నట్టు స్వీకరించేదొకటి, మెరుగుపరచాలని చూసేదొకటి. ఒక్కటే మిగిలితే రెండూ చెడతాయి. ఇస్లామ్‌లో అల్లాహ్ సృష్టిని మార్చకూడదన్న నియమం గట్టిదే. అయినా కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన వేసింది, అప్పుడు ప్రవక్త బంగారు ముక్కు పెట్టించుకోమన్నారని హదీసులు చెబుతాయి. మగవాళ్ళు బంగారం ధరించకూడదన్న నియమం కూడా అక్కడ అడ్డురాలేదు. భాగవతంలో కృష్ణుడు మధుర వీధిలో మూడు వంకరల కుబ్జను చూసి ఆత్మ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమె పాదాలను తన పాదాలతో తొక్కిపట్టి, గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకెత్తాడు. నిటారుగా నిలబడింది. దేవుడిచ్చిన ఒంటిని దిద్దకూడదనే వాదానికి మన పురాణాల్లో ఆసరా దొరకడం కష్టం. సాక్షాత్తూ దేవుడే దిద్దాడు.

కుబ్జ పెద్దది, నోరున్నది. ఐదు నెలల బిడ్డకు నోరు లేదు. ఊహ తెలిసే దాకా ఆగి, నీకు కావాలా అని అడుగుదామంటే పుర్రె ఆగదు. అందుకే ఇక్కడ ఏమీ చేయకపోవడం కూడా బిడ్డ తరఫున చేసిన ఎంపికే అవుతుంది, దాన్ని దైవం ఖాతాలో వేయడం కుదరదు. ఈ వ్యాసకర్తకు తోచింది ఇది: స్వల్పమైన చదునుకు హెల్మెట్ పెట్టడం తొందరపాటు, తీవ్రమైనదానికి పెట్టించినవాళ్ళు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు, నడిమధ్యన ఉన్నవాళ్ళకు గణాంకాలు సాయం చేయవు. ఏది చేసినా, సమంగా నదికి బయల్దేరకముందే కొడుకు సభ గెలిచేశాడని కహోడుడికి తెలుసు. నదీస్నానం వల్ల కొడుకు విలువ పెరగలేదు. ఆ వరుస తారుమారై, తల గుండ్రమైతేగానీ బిడ్డను ఫోటో తీయలేని స్థితి వస్తే, చికిత్స అవసరం తల్లిదండ్రుల చూపుకు. డాలస్ తల్లి ఒకరోజు చూసుకుంటే, ఆ నెలల్లో తీసిన ఫోటోలన్నీ ఎడమవైపు నుంచి తీసినవే.

పిల్లవాడికిప్పుడు ఐదేళ్ళు. ఒత్తుగా జుట్టొచ్చింది. తల గుండ్రంగానే ఉంది, మంగలి తప్ప ఇంకెవరూ తేడా పట్టలేరు. హెల్మెట్ వల్లే అంటుంది తల్లి. పెరుగుదల వల్ల అంటాడు తండ్రి. అదే పిల్లవాణ్ణి హెల్మెట్ లేకుండా ఇంకోసారి పెంచి చూస్తే తప్ప తేలేది కాదు. తర్వాత పుట్టిన పాపకు కూడా నాలుగో నెలలో ఎడమవైపు కాస్త చదును కనిపించింది. స్వల్పమేనన్నాడు డాక్టరు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టండి, టమ్మీ టైమ్ పెంచండి అన్నాడు. అమ్మమ్మ మళ్ళీ వచ్చి, కాళ్ళు చాపి పాపను వాటి మీద బోర్లా వేసుకుని రోజూ నూనె మర్దనా చేసింది. డాక్టరు చెప్పిన టమ్మీ టైమ్ అదేనని ఫిజియోథెరపిస్ట్ ఒప్పుకుంది, తల ఒత్తవద్దని మాత్రం గట్టిగా చెప్పింది. విచిత్రంగా ఈసారి హెల్మెట్ కావాలన్నది భర్త. కొడుక్కి చేయించి కూతురికి చేయించకపోతే, పెద్దయ్యాక ఆమె అడిగితే ఏం చెబుతామన్నాడు. స్వల్పమని డాక్టరు చెబుతుంటే, సమానత్వం కోసం ఆమె నెత్తిన డొప్ప పెడతామా అని భార్య. ఇద్దరూ ఆ డచ్చి పరీక్ష చదివారు, ఇద్దరూ అందులోంచే అంకెలు చూపించారు. ఈలోగా పాప రెండువైపులా దొర్లడం నేర్చుకుంది. బోర్లా పడ్డ సంబరానికి అమ్మమ్మ బొబ్బట్లు వండుతుంటే, భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంకో నెల చూసి మళ్ళీ కొలిపిద్దామన్నాడు.